సర్వీస్ రిజిస్టర్‌లో నామినీ అత్తగారు. ఫ్యామిలీ పెన్షన్ నాకు వస్తుందా?

కొరుక్కుపేట కోడలు:

అందరికీ నమస్కారం. మేం చెన్నైలో కొరుక్కుపేటలో ఉంటాం. నా పుట్టిల్లు గూడూరు. తమిళం మాట్లాడగలను గానీ ఆఫీసు కాగితాలు చదివే అంత రాదు. అందుకే తెలుగువాళ్లను అడుగుతున్నాను.

మా ఆయన కార్పొరేషన్‌లో వీధి దీపాల సెక్షన్‌లో వైర్‌మన్. పర్మనెంట్. 1998లో చేరారు. పోయిన నెల నైట్ డ్యూటీ చేసి వచ్చి గుండెల్లో మంటగా ఉందని పడుకున్నారు. ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే అంతా అయిపోయింది. ఆయన వయసు 52. రిటైర్‌మెంట్‌కు ఇంకా ఎనిమిదేళ్లు ఉంది. పాప బీకాం ఫైనలియర్, బాబు ప్లస్ వన్ (పదకొండో తరగతి). నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. దానితో ఇంటద్దె కూడా రాదు.

కర్మలు అయ్యాక పాపను తోడు తీసుకుని ఆఫీసుకు వెళ్లాను. అక్కడి క్లర్క్ సర్వీస్ రిజిస్టర్ తీసి చూపించారు. నామినీ అన్నచోట మా అత్తగారి పేరు, పక్కన ‘తల్లి’ అని నీలం ఇంకుతో రాసి ఉంది. అది ఆయన ఉద్యోగంలో చేరినప్పుడు రాసింది. మా పెళ్లి 2004లో అయింది. ఆ తర్వాత దాన్ని మార్చలేదు. వెనక ఇంకో పేజీలో కుటుంబ వివరాలు అని నా పేరు, పిల్లల పేర్లు ఉన్నాయి. నా పేరు ముందు ఆయన ఇనిషియల్ పెట్టారు. నా ఆధార్‌లో మాత్రం పుట్టింటి ఇంటిపేరుతో ఉంది. క్లర్క్ రెండూ చూసి, ‘నామినీ మీ అత్తగారు గదా, ఇంట్లో మాట్లాడుకుని రండి’ అని పంపించేశారు.

ఇంట్లో ఏం మాట్లాడాలి? మా మరిది అప్పటికే స్టాంప్ పేపర్ టైప్ చేయించి తెచ్చాడు. ‘డబ్బు, పెన్షన్ అన్నీ అమ్మ పేర వస్తాయి, నీకు అభ్యంతరం లేదని సంతకం పెట్టు, పాపకు ఉద్యోగం వచ్చేలా నేను తిరుగుతాను’ అంటున్నాడు. మా అత్తగారికి 74 ఏళ్లు. పెళ్లయినప్పటి నుంచీ మా దగ్గరే ఉంటున్నారు. ఆమె ఏమీ అనడం లేదు, రోజంతా ఏడుస్తూనే ఉన్నారు. ఆమె మీద నాకే కోపమూ లేదు. కానీ పెన్షన్ ఆమె పేర వస్తే, రేపు ఆమెను మరిది తన ఇంటికి తీసుకెళ్లిపోతే, నేనూ నా పిల్లలూ ఏం కావాలి?

పెన్షన్ నాకు వస్తుందా, నామినీకి వస్తుందా? ఎంత వస్తుంది? మిగతా డబ్బు సంగతేంటి? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

వ్యాసర్పాడి తమ్ముడు:

అక్కా, విని చాలా బాధేసింది. నాకు తెలిసి నామినీ ఎవరైతే డబ్బు వాళ్లదే. మా చిన్నాన్న పోయినప్పుడు ఇన్సూరెన్స్ డబ్బు నామినీ అకౌంట్‌లోనే పడింది. మీ అత్తగారు మంచివారే అంటున్నారు గనక కూర్చుని మాట్లాడుకోండి. కోర్టుల చుట్టూ తిరిగితే ఉన్నది కూడా పోతుంది.

పెరంబూర్ పెద్దాయన:

అమ్మా, అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఇది. ఆ స్టాంప్ పేపర్ మీద సంతకం పెట్టవద్దు. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి అడిగించినా పెట్టవద్దు. ‘ఆఫీసువాళ్లు అడిగిన కాగితాల మీదే సంతకం పెడతాను’ అని ఒక్క మాట చెప్పి ఊరుకోండి.

నేను మున్సిపాలిటీల్లో పెన్షన్ ఫైళ్లు చూసే సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. చెన్నైలో కాదు, బయటి ఊళ్లలో. పెళ్లికి ముందు తల్లి పేరు రాసి, తర్వాత మార్చడం మరిచిపోయిన ఫైళ్లు ఎన్నో నా చేతుల మీదుగా వెళ్లాయి. అందులో మీ ఆయన తప్పేమీ లేదు. మార్చుకోండయ్యా అని పిలిచి చెప్పేవాళ్లు ఏ ఆఫీసులోనూ ఉండరు.

తమ్ముడు రాసింది మంచి మనసుతోనే, కానీ ఫ్యామిలీ పెన్షన్ విషయంలో అది చెల్లదు. ఫ్యామిలీ పెన్షన్‌కూ నామినేషన్‌కూ సంబంధం లేదు. అది మీ ఆయన కూడబెట్టిన ఆస్తి కాదు, రూల్స్ నేరుగా కుటుంబానికి ఇచ్చిన హక్కు. తమిళనాడు పెన్షన్ రూల్స్ 1978లో 49వ రూలు చూడండి. ముందు భార్యకు, భార్య తర్వాత పిల్లలకు. భార్య ఉండగా అది తల్లికి వెళ్లదు. ఆయన కావాలనుకున్నా ఇంకొకరికి రాసివ్వలేరు. 1991లో సుప్రీంకోర్టు వయొలెట్ ఐజాక్ కేసులో ఈ మాటే చెప్పింది. అందులో ఒక రైల్వే ఉద్యోగి తన డబ్బంతా సోదరుడికి చెందాలని విల్లు రాసి చనిపోయాడు. ఫ్యామిలీ పెన్షన్ ఆయన ఆస్తిలో భాగం కాదు, విల్లు రాసే అధికారం ఆయనకు లేదు, అది భార్యదేనని తీర్పు వచ్చింది. విల్లుకే దిక్కు లేనప్పుడు మీ మరిది టైప్ చేయించిన కాగితం ఏపాటిది? కానీ మీరే సంతకం పెడితే, అది చూపించి ఫైలును నెలల తరబడి ఆపే వీలుంటుంది. నా భయమల్లా అదే.

ఆయన 1998లో చేరడం మీకు పెద్ద ఆధారం. తమిళనాడులో 2003 ఏప్రిల్ 1 నుంచి చేరినవాళ్లను సీపీఎస్‌లో, అంటే ఉద్యోగీ ప్రభుత్వమూ చందా కట్టే పెన్షన్ పథకంలో పెట్టారు, వాళ్ల లెక్క వేరు. మీ ఆయనది పాత పెన్షన్.

ఎంత వస్తుందంటే, చివరి బేసిక్ 40,000 అనుకోండి. మొదటి కొన్నేళ్లు అందులో సగం, అంటే 20,000. ఆ గడువు అయ్యాక 30 శాతం, అంటే 12,000. రెండింటి మీదా డీఏ (కరువు భత్యం) కలుస్తుంది. ఎక్కువ రేటు ఏ తేదీ దాకా వస్తుందో పెన్షన్ ఆర్డర్‌లోనే వేస్తారు. ఆర్డర్ చేతికి రాగానే ఆ తేదీ రాసి పెట్టుకోండి. హఠాత్తుగా తగ్గిన నెలలో బ్యాంకువాళ్లు తినేశారని ఏడ్చుకుంటూ వచ్చిన ఆడవాళ్లను చూశాను. అప్పటికే సగం పెన్షన్‌ను నమ్ముకుని చీటీలు కట్టి, అప్పులు చేసి ఉంటారు. మీరు మొదటి రోజు నుంచే తగ్గాక వచ్చే మొత్తాన్ని మనసులో పెట్టుకుని ఖర్చులు చూసుకోండి.

ఇక ఒకేసారి వచ్చే డబ్బులు. పీఎఫ్, గ్రాట్యుటీ, లీవ్ డబ్బు. గ్రాట్యుటీ 20 ఏళ్లు దాటిన సర్వీసుకు ప్రతి ఆరు నెలలకు అర నెల జీతం చొప్పున కడతారు, బేసిక్, డీఏ కలిపి. మీ ఆయన 27 ఏళ్లు చేశారు గనక సుమారు 27 నెలల జీతం. వాడుకోకుండా ఉన్న సంపాదిత సెలవులకు (ఈఎల్) 240 రోజుల దాకా డబ్బిస్తారు. ఆయన చివరి పే స్లిప్ ఉంటే తీసి కోతలన్నీ ఒక్కొక్కటే చదవండి. జీపీఎఫ్, ఎస్‌పీఎఫ్ (రెండూ పీఎఫ్ రకాలే), ఫ్యామిలీ సెక్యూరిటీ ఫండ్, హెల్త్ ఇన్సూరెన్స్, ఉద్యోగుల సహకార సొసైటీ అని వరసగా ఉంటాయి. ఏ పేరుతో కోత పడిందో ఆ పేరుతో మీకేదో రావాల్సి ఉంటుంది, లేదా ఏదో కట్టాల్సి ఉంటుంది. ఆ స్లిప్పును మించిన ఆధారం మీకు దొరకదు.

నామినేషన్ గొడవ వచ్చేది ఈ డబ్బుల దగ్గరే. ఆఫీసు నామినీ చేతికి ఇవ్వొచ్చు. కానీ నామినీ అంటే అందరి తరఫున డబ్బు తీసుకునే మనిషి మాత్రమే. ఇది కూడా సుప్రీంకోర్టు చెప్పిందే, 2009లో శిప్రా సేన్‌గుప్తా కేసు. అది అచ్చం మీ కథే. ఒక బ్యాంకు ఉద్యోగి పెళ్లికి ముందు తల్లిని నామినీగా పెట్టాడు, పెళ్లయ్యాక మార్చలేదు, చనిపోయాడు. తల్లి అంతా నాదే అంది. కాదు, భార్యకు వాటా ఉందని తీర్పు.

ఇదే తీర్పును అటువైపు నుంచి కూడా చూడాలమ్మా. మీ అత్తగారికీ వాటా ఉంది. హిందూ వారసత్వ చట్టంలో తల్లి, భార్య, కొడుకు, కూతురు ఒకే వరసలో ఉంటారు. మీ ఇంట్లో నలుగురు. పీఎఫ్ 6 లక్షలు ఉందనుకుంటే ఒక్కొక్కరికి లక్షన్నర. మరిదికి ఒక్క పైసా రాదు. ఈ మాట మీ అత్తగారికి మీరే స్వయంగా, నెమ్మదిగా చెప్పండి. ‘మీ వాటా మీకు వస్తుంది, అది నేను తీసుకోను’ అని మీ నోటితో వింటే ఆమెకూ భయం పోతుంది. కొడుకు పోయిన తల్లికి రేపటి నుంచి తన తిండి ఎవరు పెడతారన్న బెంగ ఉంటుంది. దాన్నే మీ మరిది వాడుకుంటున్నాడేమో అని నా అనుమానం.

చేయాల్సిన పని చెబుతాను. ఫ్యామిలీ పెన్షన్‌కు ఒక అర్జీ, మిగతా డబ్బులకు ఇంకో అర్జీ. రెంటినీ కలపవద్దు. ఫారాలు కూడా వేరువేరే. కలిపితే పీఎఫ్ తగాదా తేలేదాకా పెన్షన్ కూడా అక్కడే ఆగిపోతుంది. పెన్షన్ అర్జీలో, ఆలస్యమైతే తాత్కాలికంగా ఫ్యామిలీ పెన్షన్ మంజూరు చేయండి అని ఒక వాక్యం రాయించండి. దాన్ని క్లర్క్ చేతిలో పెట్టి రాకండి. ఆఫీసుకు వచ్చే కాగితాలు తీసుకునే తపాల్ సెక్షన్‌లో ఇచ్చి, మీ దగ్గరుండే కాపీ మీద సీలు, తేదీ వేయించుకోండి. రెండో అర్జీలో, నామినేషన్ పెళ్లికి ముందుది, వారసుల సర్టిఫికెట్ చూడకుండా ఎవరికీ డబ్బు ఇవ్వవద్దు అని రాయండి. తేలే వరకూ ఆఫీసువాళ్లు కూడా జాగ్రత్తగా ఉంటారు.

వారసుల సర్టిఫికెట్‌కు ఈ-సేవై సెంటర్లో అప్లై చేస్తే తహసీల్దార్ ఇస్తారు. అందులో అత్తగారి పేరు తప్పకుండా రాయించండి. ఆమె పేరు వదిలేస్తే ఆ సర్టిఫికెట్టే చెల్లదనే గొడవ వస్తుంది. డెత్ సర్టిఫికెట్ కార్పొరేషన్ వెబ్‌సైట్లో ఉచితంగానే డౌన్‌లోడ్ అవుతుంది, దానికి ఎవరికీ డబ్బు ఇవ్వకండి.

పేరు తేడా గురించి భయపడొద్దు. ఆంధ్రా నుంచి ఇక్కడికి కోడళ్లుగా వచ్చినవాళ్లందరికీ ఉన్నదే. మనకు ఇంటిపేరు ముందు, ఇక్కడ ఇనిషియల్ ముందు. రెండు పేర్లూ ఒక్కరివేనని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించి, పెళ్లి ఫొటో, రేషన్ కార్డు, పిల్లల టీసీలు జత చేయండి. ముందు మాత్రం బ్యాంక్ అకౌంట్ పేరు, ఆధార్ పేరు ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. పెన్షన్ పడేది అందులోనే.

పాప ఉద్యోగం విషయంలో మరిది తిరగాల్సిన పని లేదు. ఉద్యోగి చనిపోతే ఇంట్లో ఒకరికి ఇచ్చే ఉద్యోగానికి, అంటే కారుణ్య నియామకానికి, చనిపోయిన తేదీ నుంచి మూడేళ్లలోపు అర్జీ ఇవ్వాలి. పాప డిగ్రీ అయ్యాక ఇవ్వొచ్చులే అని ఊరుకోకండి, ఇప్పుడే ఇచ్చి సీలు వేయించుకోండి. మిగతా వారసుల సమ్మతి అడుగుతారు, అత్తగారితో మంచిగా ఉండమని చెప్పడానికి అదొక కారణం. ఉద్యోగం వెంటనే వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు, సీనియారిటీ లిస్టు ఉంటుంది. ఎవరైనా ఇంత ఇస్తే ముందుకు జరుపుతామంటే నమ్మకండి.

తొండయార్‌పేట:

పెద్దాయన చెప్పింది పర్మనెంట్ వాళ్లకు. కాంట్రాక్ట్ వాళ్లు కూడా ఇది చదువుతారని నా సంగతి రాస్తున్నాను. మా ఇంటాయన చెత్త తీసే బ్యాటరీ బండి నడిపేవాడు. కాంట్రాక్టర్ కింద. కామెర్లు ముదిరి పోయాడు. కాంట్రాక్టర్ మనుషులు పూలమాల తెచ్చారు, పదివేలు చేతిలో పెట్టారు, ఇంతేనమ్మా అన్నారు.

ఇంతే కాదు. పీఎఫ్ కట్ అయి ఉంటే మూడు వస్తాయి. ఫారం 20 పీఎఫ్ డబ్బుకు, ఫారం 10డి పెన్షన్‌కు, ఫారం 5ఐఎఫ్ ఇన్సూరెన్స్‌కు. ఆ ఇన్సూరెన్స్ పేరు ఈడీఎల్‌ఐ. దానికి మన జీతంలో కోత ఉండదు, యజమానే కడతాడు, అందుకే మనకు తెలియదు. ఏడాది నిండిన సర్వీసుంటే కనీసం 2.5 లక్షలు, ఎక్కువలో ఎక్కువ 7 లక్షలు. పెన్షన్‌కైతే ఒక్క నెల చందా కట్టి ఉన్నా చాలు, భార్యకు వస్తుంది. కనీసం నెలకు 1,000. ఇద్దరు పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా వేరేగా వస్తుంది. ఆ వెయ్యితో ఇల్లు గడవదు, నిజమే. కానీ నా పిల్లల స్కూలు వ్యాన్ డబ్బు అందులోంచే కడుతున్నాను.

పని చేస్తూ ప్రమాదంలో పోతే, ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) ఉంటే, జీతంలో 90 శాతం లెక్కన ఇంట్లోవాళ్లకు నెలనెలా ఇస్తారు. దానికి ప్రమాదం జరిగిన రోజే రిపోర్టు రాయించాలి. సూపర్‌వైజర్ తర్వాత చూద్దాం అంటే ఒప్పుకోవద్దు. కాంట్రాక్టర్ మారిపోయినా పీఎఫ్‌కు ఇచ్చే యూఏఎన్ నంబరు మారదు. మీ ఇంట్లోవాళ్ల యూఏఎన్ ఎక్కడుందో ఇవాళే అడిగి, ఒక ఫొటో తీసి మీ ఫోన్లో పెట్టుకోండమ్మా. నేను దాని కోసం ఆయన పాత చొక్కాల జేబులన్నీ వెతికాను. చివరికి లంచ్ బ్యాగులో ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టిన చిన్న స్లిప్పు మీద దొరికింది.

సీపీఎస్ ఇల్లాలు:

మా వారు 2008లో మున్సిపాలిటీలో చేరారు, 2019లో పోయారు. సీపీఎస్ కాబట్టి ఆయన కట్టింది, ప్రభుత్వం కట్టింది, వడ్డీ కలిపి ఒకేసారి ఇచ్చారు. నెలనెలా వచ్చేది ఏమీ లేదు. ఒకే ఆఫీసు, ఒకే పని, చేరిన తేదీ మాత్రమే తేడా. కోడలమ్మగారూ, మీకున్న హక్కు చిన్నది కాదు. ఎవరి మాటా విని దాన్ని వదులుకోకండి.

కొరుక్కుపేట కోడలు:

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పెద్దాయనగారూ, మీరు రాసింది రెండుసార్లు చదివి మా అత్తగారికి చదివి వినిపించాను. తల్లికి వాటా ఉందన్నచోట ‘నాకెందుకే డబ్బు’ అన్నారు గానీ, స్టాంప్ పేపర్ మాత్రం ఆమే తీసి బీరువాలో పెట్టి తాళం వేశారు. నిన్న రెండు అర్జీలూ తపాల్‌లో ఇచ్చి సీలు వేయించుకున్నాం. పాప తమిళంలో రాసింది.

ఇంకో రెండు సందేహాలు. సొసైటీలో ఆయన లోన్ ఉందట, ఇంకా లక్షకు పైగా కట్టాలి. అది నన్ను కట్టమంటారా? నేను పెన్షన్ తీసుకుంటే పాపకు ఉద్యోగం ఇవ్వరని ఒకరన్నారు, నిజమేనా?

పెరంబూర్ పెద్దాయన:

మంచి పని చేశారమ్మా. లోన్ మీ చేతి నుంచి కట్టక్కర్లేదు. మామూలుగా ఆయనకు రావాల్సిన డబ్బుల్లోంచి పట్టుకుని మిగిలింది ఇస్తారు. అయితే సొసైటీ నుంచి ఇప్పుడే బాకీ స్టేట్‌మెంట్ రాతపూర్వకంగా తీసుకోండి. ఆయన షేర్ డబ్బు, పొదుపు డబ్బు కూడా అక్కడే ఉంటుంది, అది తీసేశాక ఎంతో అడగండి. చాలా సొసైటీల్లో లోన్‌కు ఇన్సూరెన్స్ ఉంటుంది, మెంబర్ చనిపోతే బాకీ మాఫీ అవుతుంది. అదుందా లేదా అని గట్టిగా అడగండి. ఆయన లోన్‌కు జామీను ఉన్న తోటి ఉద్యోగులు ఎవరో కనుక్కుని వాళ్లకు ఒక మాట చెప్పి ఉంచండి. లేకపోతే వాళ్ల జీతాల్లో కోత మొదలవుతుందేమోనని వాళ్లు హడలిపోతారు.

రెండోది నిజం కాదు. ఫ్యామిలీ పెన్షన్ మీ హక్కు. ఉద్యోగం ఇవ్వడం కుటుంబ పరిస్థితిని చూసి. పెన్షన్ తీసుకున్నంత మాత్రాన పాప అర్జీ కొట్టేయరు. ఆదాయ సర్టిఫికెట్ అడుగుతారు, ఉన్నది ఉన్నట్టు రాయించండి, మీ కుట్టుపని కూడా.

పెన్షన్ ఫైలుకు మీ ఫొటోలు, సంతకం నమూనాలు, పుట్టుమచ్చలు అడుగుతారు. ఫొటోలు రెండు మూడు ఎక్కువే తీయించి పెట్టుకోండి. ఫైలు ఆడిట్‌కు వెళ్లిన నంబరు, తేదీ అడిగి తెలుసుకుంటూ ఉండండి. నెల దాటినా కదలకపోతే ఇక్కడ రాయండి, ఆర్టీఐ అర్జీ ఎలా వేయాలో నేనే రాసిస్తాను.